రంగులరాట్నంలో మన సీటు

వాడ ముచ్చట్లు – 31



రాజ్యాంగం 15వ అధికరణాన్ని మన సభల్లో ఎన్నిసార్లు చదువుకున్నామో లెక్కలేదు. రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల దాకా వచ్చేసరికి మన గొంతు పెరుగుతుంది. అవి మన తాతల గాయాలు కాబట్టి పెరగాల్సిందే. కానీ ఆ జాబితాలో బావుల కంటే ముందే ఇంకో మాట ఉంది. దుకాణాలు, హోటళ్లు, వాటి పక్కనే ప్రజా వినోద స్థలాలు. కులం పేరు చెప్పి ఎవరినీ అక్కడికి రాకుండా ఆపకూడదని స్పష్టంగా రాసి ఉంది.

ఆ మాట దగ్గర మనం ఎప్పుడూ ఆగలేదు. చదివి దాటేశాం. ఈసారి ముచ్చట అక్కడ ఆగుదామని.

కదిలించినవాడు నా డిగ్రీ క్లాసు పిల్లవాడు. సిరికొండ మండలంలో ఒక ఊరు వాడిది. తల్లి పసుపు కూలి. తండ్రి అబుదాబిలో షట్టరింగ్ కార్పెంటర్. పిల్లవాడి ఫోన్ నిండా రోలర్ కోస్టర్లే. ఏది ఎంత ఎత్తు, ఎంత వేగం, ఏ కంపెనీ తయారు చేసింది, ఏ సంవత్సరం మొదలైంది, అన్నీ కంఠతా వచ్చు. నేను ప్రబంధాల్లో పద్యం గణాలు విడదీసినంత సులువుగా వాడు కోస్టర్ మలుపులు విడదీసి చెప్తాడు. ఇప్పటివరకు ఒక్కటి కూడా ఎక్కలేదు. జాతరలో ‘జాయింట్ వీల్’ ఎక్కాడు, అంతే.

విద్యార్థి సంఘం మీటింగ్ అయ్యాక వాడు ఈ కబుర్లు చెప్తుంటే ఒక సీనియర్ నవ్వాడు. “ఏంది తమ్మీ, స్కాలర్‌షిప్ రాక మేం ధర్నాకు పోతుంటే నువ్వు ఉయ్యాలల ముచ్చట పెట్టినవ్. గిది మన సమస్యనా?”

పిల్లవాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు.

ఆ సీనియర్ మంచి కార్యకర్త. అతని మీద నాకు కోపం లేదు. కానీ అతని ప్రశ్నకు జవాబు చెప్పాలి. అవును, ఇది మన సమస్యే. ఎట్లానో చెప్తాను.

*

1955 జూన్ 1న మన దేశంలో అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారింది అదే. దాని నాలుగో సెక్షన్‌లో కూడా వినోద స్థలాల మాట ఉంది. సరిగ్గా నెలన్నర తర్వాత, 1955 జులై 17న, అమెరికాలో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరుచుకుంది. ఇప్పుడు ప్రపంచమంతా చూస్తున్న థీమ్ పార్కుకు అదే నమూనా. ఒకచోట వినోదం అందరిదీ అని చట్టం, ఇంకోచోట వినోదానికి గేటు, గేటుకు టికెట్. ఆ రెండూ ఒకే వేసవిలో పుట్టాయి. గేటు ప్రపంచమంతా తిరిగింది. చట్టం మన పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కడానికే ఇంకా ఆయాసపడుతోంది.

అమెరికాలో నల్లజాతివాళ్లు ఈ విషయాన్ని మనకంటే ముందు పట్టుకున్నారు. 1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరం మీలో చాలామంది చదివి ఉంటారు. అందులో ఆయన తన ఆరేళ్ల కూతురి గురించి రాశాడు. టీవీలో ‘ఫన్‌టౌన్’ అనే పార్కు ప్రకటన చూసి ఆ పిల్ల వెళ్దామంటుంది. నల్లపిల్లలను అక్కడికి రానివ్వరని తండ్రి చెప్పాలి. దాడులు, బాంబులు, జైళ్ల మధ్య రాసిన ఉత్తరంలో ఆయన ఒక ఉయ్యాలల పార్కుకు చోటిచ్చాడు. వివక్ష పిల్లల మనసులోకి మొదట ఏ దారిన వస్తుందో ఆయనకు తెలుసు కాబట్టి.

అంతకు మూడేళ్ల ముందు, 1960 వేసవిలో, వాషింగ్టన్ పక్కన గ్లెన్ ఎకో పార్కులో హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు రంగులరాట్నం ఎక్కి కూర్చుని అరెస్టయ్యారు. మీ వయసు పిల్లలే. వేసవి అంతా గేటు ముందు నిలబడ్డారు. మరుసటి ఏడాది పార్కు అందరికీ తెరుచుకుంది. అరెస్టుల కేసు 1964లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి శిక్షలు రద్దయ్యాయి. బాల్టిమోర్ దగ్గర గ్విన్ ఓక్ పార్కు నల్లజాతివాళ్లకు గేటు తెరిచిన రోజు 1963 ఆగస్టు 28. వాషింగ్టన్‌లో లక్షల మంది కవాతు చేసినదీ, కింగ్ తన ప్రసిద్ధ ఉపన్యాసం ఇచ్చినదీ ఆ రోజే. ఆ పార్కు రంగులరాట్నాన్ని తర్వాత వాషింగ్టన్ నేషనల్ మాల్‌కు తెచ్చి పెట్టారు.

ఓడిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. మిసిసిపీలోని జాక్సన్ నగరం తన మునిసిపల్ ఈత కొలనుల్లో నల్లపిల్లలను దింపాల్సి వచ్చేసరికి ఆ కొలనులనే మూసేసింది. 1971లో సుప్రీంకోర్టు అది తప్పు కాదంది. నీళ్లు ఎవరికీ లేకపోయినా ఫరవాలేదు, కలిసి మాత్రం దిగొద్దు. ఇది మనకు ఎక్కడో విన్నట్టు లేదూ? 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగాక, అక్కడి పైకులాలవాళ్లు 108 బిందెల పంచగవ్యంతో ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. వాళ్లు కొలను ఎండబెట్టారు, వీళ్లు చెరువులో పేడ కలిపారు. భయం ఒక్కటే.

కాబట్టి ఉయ్యాల ముచ్చట చిన్న ముచ్చట కాదు తమ్మీ. నీళ్లు, దారి, గుడి, బడి ఎట్లనో ఇదీ అట్లనే.

*

ఇక మన దగ్గరికి వద్దాం.

మనకు వినోదంతో సంబంధం లేదనుకుంటే పొరపాటు. ఈ దేశంలో వినోదం తయారు చేసిందే మనం. డప్పు మనది. చిందు మనది. మన నిజామాబాద్ జిల్లా చిందు యక్షగానానికి పుట్టిల్లు లాంటిది. చిందుల ఎల్లమ్మ ఈ జిల్లా బిడ్డ. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మేకప్ వేసుకుంటే దేవుళ్లూ రాజులూ. తెల్లారి మేకప్ కడిగితే మళ్లీ అదే కులం. ఆట ఊరి నడుమ, ఇల్లు ఊరి బయట. మనం ఆడించాం, వాళ్లు చూశారు. సెలవు, తీరిక, చూసే చోటు వాళ్లవి. చెమట మనది.

డిస్నీ కంపెనీ తన పార్కుల్లో పనివాళ్లను ‘కాస్ట్ మెంబర్స్’ అంటుంది. వచ్చేవాళ్లను ‘గెస్ట్స్’ అంటుంది. నాటకంలో పాత్రధారులు అని వాళ్ల అర్థం. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. చూసేవాడు అతిథి, ఆడేవాడు కాస్ట్ మెంబర్. మన ఊళ్లో ఈ ఏర్పాటు ఏనాటి నుంచో ఉంది. మనవాళ్లు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువ రాసుకున్నారు, అంతే తేడా.

అందుకే మన పిల్లవాడు పార్కులో ‘గెస్ట్’ అయ్యే రోజు గురించి కలగంటే నేను నవ్వను. వందల ఏళ్లు వేదిక మీదా వేదిక కిందా పనిచేసిన జాతి ఒక్కసారి కుర్చీలో కూర్చుంటానంటోంది. అది భోగలాలస అని ఎవరన్నా అంటే, ముందు వాళ్ల కుర్చీ ఖాళీ చేసి చెప్పమనండి.

*

ఇప్పుడు గేటు వెనకాల సంగతి.

మా ఆర్మూర్ దిక్కు, సిరికొండ, భీమ్‌గల్, ధర్పల్లి దిక్కు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. అబుదాబిలో యాస్ ఐలాండ్ అని ఉంది. 2010లో అక్కడ ఫెరారీ వరల్డ్ తెరిచారు. అందులో ఫార్ములా రోసా అనే కోస్టర్ గంటకు 240 కిలోమీటర్ల వేగంతో చాలా ఏళ్లు ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. 2013లో వాటర్ పార్కు, 2018లో వార్నర్ బ్రదర్స్ వరల్డ్, 2023లో సీవరల్డ్ వచ్చాయి. 2025 మే 7న డిస్నీ కూడా అక్కడికే వస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఒప్పందం చూడండి, వ్యాపారం అర్థమవుతుంది. కట్టేదీ, ఖర్చు పెట్టేదీ, నడిపేదీ అబుదాబి సంస్థ మిరాల్. డిస్నీది డిజైన్, బొమ్మలు, పేరు. దానికి రాయల్టీ వస్తుంది. 1983లో తెరిచిన టోక్యో డిస్నీల్యాండ్‌ది కూడా ఇట్లాంటి ఏర్పాటే. దాని యజమాని ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ.

అంటే ఇటుక మోయకుండా, సిమెంటు కొనకుండా, ఒక ఎలుక బొమ్మ మీద ఏటా డబ్బు వస్తుంది. ఆ బొమ్మ చుట్టూ కోట కట్టడానికి దక్షిణాసియా నుంచి కూలీలు వెళ్తారు. ఎండాకాలం మూడు నెలలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని యూఏఈలో నియమం ఉంది. ఆ నియమం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఊహించుకుంటే చాలు, మిగతా గంటలు ఎట్లా ఉంటాయో తెలుస్తుంది.

పని ఆగిపోతే? దుబాయ్‌లో 2007లో యూనివర్సల్ స్టూడియోస్ పార్కు కడతామన్నారు. 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. పార్కు రాలేదు, స్వాగత ద్వారం ఒక్కటి ఎడారిలో నిలబడింది. 2016లో తెరిచిన బాలీవుడ్ పార్క్స్ 2023లో మూతపడింది. పెట్టుబడి పెట్టినవాడికి ఇంకో ప్రాజెక్టు ఉంటుంది. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి పోయినవాడికి మిగిలేది వడ్డీ.

నేను తెలుగు సాహిత్యం మనిషిని కాబట్టి నాకు ఇదంతా చూస్తే మయసభ గుర్తొస్తుంది. భారతంలో మయసభ అంటే అందరికీ దుర్యోధనుడి భంగపాటు గుర్తుంటుంది. నేల అనుకున్నది నీళ్లు, నీళ్లు అనుకున్నది నేల. మన మొదటి థీమ్ పార్కు అదే అనుకోండి. దాని కట్టుబడి కథ మాత్రం క్లాసులో తొందరగా దాటేస్తారు. కృష్ణార్జునులు ఖాండవ వనం కాల్చారు. అక్కడున్న నాగులు, జీవులు మాడిపోయారు. బతికి బయటపడ్డ కొద్దిమందిలో మయుడు ఒకడు. ప్రాణం పెట్టినందుకు బదులుగా 14 నెలలు పనిచేసి సభ కట్టి ఇచ్చాడు. అడవి పోయింది, అడవివాళ్లు పోయారు, మిగిలినవాడి నైపుణ్యం రాజుగారి వినోదమైంది. కట్టినవాడి పేరు సభకు మిగిలింది. సభలో కుర్చీ మాత్రం మిగల్లేదు.

మా పిల్లవాడి తండ్రి కూడా ఒక పార్కు పనిలో కొన్ని నెలలు ఉన్నాడట. “లోపల ఎట్లుందో నాకెర్క, మేం అయిపోంగనే వేరే సైటుకు పోయినం” అన్నాడట ఫోన్‌లో. పునాది చూసినవాడు దీపాలు చూడలేదు.

2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అది గల్ఫ్ కార్మికులు ఏళ్లు కొట్లాడితే వచ్చింది. మంచిదే. కానీ శవపేటికకు ఇచ్చే విలువ బతికున్న మనిషికి ఎప్పుడు ఇస్తారన్న ప్రశ్న అట్లనే ఉంది.

*

హైదరాబాద్‌కు వద్దాం. రావిర్యాల దగ్గర వండర్‌లా 2016లో తెరిచారు. కేరళ కంపెనీ. 2000లో కొచ్చిలో మొదలుపెట్టి, బెంగళూరు మీదుగా ఇక్కడికి వచ్చింది. అటు 1996 నుంచి రామోజీ ఫిలిం సిటీ ఉంది. కాలేజీ టూర్లంటే ఈ రెండే.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వాటర్ పార్కు వేవ్ పూల్‌లో పక్కనున్నవాడి కులం ఎవరూ అడగరు. అదే నీళ్లలో అందరూ మునుగుతారు, అరుస్తారు, అవే నీళ్లు నోట్లో పోతాయి. మా అమ్మమ్మ కాలంలో చేదబావి దగ్గర దూరంగా నిలబడి దోసిలి పట్టినవాళ్ల మనవలు అక్కడ అందరితో కలిసి ఈదుతున్నారు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఆ దోసిలి పట్టనివాళ్లయి ఉంటారు. నేను చూడను.

అయితే అక్కడ కులం అడగకపోవడానికి కారణం, గేటు దగ్గరే ధర అడిగేశారు. వెయ్యి రూపాయలు దాటిన టికెట్. పసుపు కాడి, గోళ వేరు చేసి ఆరబోసే తల్లికి అది రెండు మూడు రోజుల కూలి. నలుగురున్న ఇల్లయితే బస్సు, తిండితో కలిపి నెలలో సగం. భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎవరి చేతిలో ఉంది అనేది కులమే తేల్చిన చోట, ధర కూడా కులం మాట్లాడే భాషే.

లోపలికి పోయినా అయిపోలేదు. క్యూ ఉంటుంది. నాకు క్యూ అంటే గౌరవం. ముందొచ్చినవాడు ముందు. పటేల్ గారైనా పాలేరైనా ఒకరి వెనక ఒకరు. అంబేద్కర్ చెప్పిన ఒక మనిషికి ఒక విలువ అన్న మాటకు రోడ్డు మీద కనిపించే రూపం క్యూ. ఇప్పుడు దానికి పక్కన ఇంకో దారి తెరిచారు. వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ అంటారు. డిస్నీలో 1999లో ఫాస్ట్‌పాస్ మొదలైనప్పుడు టికెట్ కొన్న ప్రతివాడికీ అది ఉచితం. 2021లో దాన్ని తీసేసి డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. ఎక్కువ కట్టినవాడు గంట నిలబడ్డవాడి ముందు నుంచి నడిచి వెళ్తాడు. నిలబడ్డ పిల్లలు చూస్తుంటారు. గుడిలో స్పెషల్ దర్శనం చూసి పెరిగిన సమాజానికి ఇది వింతగా అనిపించదు. అనిపించకపోవడమే అసలు ప్రమాదం.

ప్రభుత్వం దృష్టిలో ఇదంతా ఏమిటో పన్ను చెప్తుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అమ్యూజ్‌మెంట్ పార్కులను 28 శాతంలో పెట్టారు. విలాస వస్తువుల శ్లాబు అది. 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. రాజ్యాంగంలో హక్కుల జాబితాలో ఉన్న మాట పన్నుల జాబితాలో విలాసం అయింది.

ఇంకో సంగతి. ఈ మధ్య ‘పల్లె’ను కూడా థీమ్ చేస్తున్నారు. ఊరి చుట్టూ రిసార్టులు. మట్టి గోడలు, కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, ఎడ్లబండి, రచ్చబండ. అట్లాంటి ఒకదానిలో నేను గంటసేపు తిరిగాను. అన్నీ ఉన్నాయి. వాడ లేదు. డప్పు ఉంది, గోడకు అలంకారంగా. దాన్ని కొట్టే మనిషి ఇల్లు లేదు. చెప్పులు కుట్టే గూడు లేదు. ఇది మరిచిపోయి చేసింది కాదు. మనం లేని పల్లె అందమైన పల్లె అని చాలామందికి ఎప్పటినుంచో ఉన్న కలే. మన కథాసాహిత్యంలో ఆ పల్లె చాలాసార్లు చదివాం, ఇప్పుడు టికెట్ కొని చూస్తున్నాం.

*

“అన్నా, హాస్టల్లో అన్నం సరిగ్గా లేదు, నువ్వు రంగులరాట్నం అడుగుతున్నవ్” అని కామెంట్ వస్తుందని తెలుసు. అన్నం అడగొద్దని నేను అనడం లేదు. కానీ అన్నం, స్కాలర్‌షిప్, ఉద్యోగం దగ్గరే మన కోరికల జాబితా ముగించుకోవాలని ఎవరు చెప్పారు? పేదవాడికి అవసరాలు మాత్రమే ఉండాలి, ఇష్టాలు ఉండకూడదు అనేది దొర మాట. అది ఉద్యమం నోట్లోకి ఎట్లా వచ్చిందో ఆలోచించుకుందాం.

మనుచరిత్రలో ప్రవరుడికి తీర్థాలు చూడాలని కోరిక. సిద్ధుడు వచ్చి కాళ్లకు పసరు రాశాడు, హిమాలయం చేరాడు. మంచులో పసరు కరిగిపోయేదాకా అంతా సాఫీగానే జరిగింది. ఆయన కోరికను ఐదు వందల ఏళ్లుగా పాఠం చెప్తున్నాం, ఎవరూ విలాసం అనలేదు. జాషువా గబ్బిలం 1941లో వచ్చింది. అందులో అరుంధతీ సుతుడికి ఏ సిద్ధుడూ దొరకలేదు. గుడిలోకి రానివ్వని తనకు బదులు ఒక గబ్బిలాన్ని కాశీకి పంపాడు. దేశమంతా ఆ గబ్బిలం కళ్లతో చూశాడు. ఈరోజు మన పిల్లలు ఓర్లాండో, టోక్యో, అబుదాబి యూట్యూబ్ వీడియోల్లో చూస్తుంటే నాకు ఆ గబ్బిలమే కనిపిస్తుంది. మనం వెళ్లలేని చోటికి ఒక కన్ను వెళ్లివస్తోంది. దాన్ని చూసి నవ్వేవాడు జాషువాను చదవలేదని అర్థం.

అయితే ఎప్పటికీ గబ్బిలంతోనే సరిపెట్టుకోవాలా? అందుకే అడగాల్సినవి అడుగుదాం.

ఒకటి. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. సంక్షేమ హాస్టళ్లలో ప్రతి విద్యార్థికి ఏడాదికి ఒక విహారయాత్ర ఆ నిధి నుంచి ఇవ్వాలని అడుగుదాం. ‘ఎవరు డబ్బు కడతారో వాళ్లే టూరుకు’ అనే పద్ధతి ప్రభుత్వ కాలేజీల్లో ఉండకూడదు. టూరు బస్సు వెళ్లిన రోజు హాస్టల్లో మిగిలిపోయిన నలుగురి పేర్లు చూస్తే ఏ కులం ఎక్కడుందో తెలిసిపోతుంది.

రెండు. పెద్ద పార్కులకు భూమి, రోడ్డు, రాయితీ ఏదిచ్చినా, ప్రభుత్వ హాస్టల్ పిల్లలకు ఏటా కొన్ని రోజులు ఉచిత ప్రవేశం షరతుగా పెట్టాలి. ఆ రోజుల్లో ఫాస్ట్‌ట్రాక్ ఉండకూడదు. అందరిదీ ఒకటే క్యూ.

మూడు. లింబాద్రి గుట్ట జాతర లాంటి చోట్ల రంగులరాట్నాలకు భద్రతా తనిఖీ తప్పనిసరిగా, నిక్కచ్చిగా జరగాలి. పేదల ఉయ్యాలకు కూడా బోల్టు గట్టిగా ఉండాలి.

నాలుగు. పార్కు కట్టే కూలీకి, నడిపే కూలీకి ఏడాదికి ఒకసారి కుటుంబంతో లోపలికి రావడానికి పాసు. పునాది వేసినవాడు దీపాలు చూడాలి.

ఇది సాధ్యమా అంటే, మన దగ్గరే నుమాయిష్ ఉంది. 1938లో ఉస్మానియా గ్రాడ్యుయేట్లు మొదలుపెట్టారు. నాంపల్లి మైదానంలో ఏటా జనవరి నుంచి నడుస్తుంది. అక్కడ వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ లాంటి కాలేజీలు నడుపుతోంది. మిర్చి బజ్జీ తిని, ఉయ్యాల ఎక్కి వచ్చినవాళ్ల డబ్బు ఆడపిల్లల చదువైంది. వినోదం లాభం ఎవరి జేబులోకి పోవాలన్నది ప్రకృతి ధర్మం కాదు. మనుషులు కూర్చుని తీసుకునే నిర్ణయం.

2025లో జాతీయ పసుపు బోర్డు ఆఫీసు నిజామాబాద్‌లో తెరిచారు. దాని కోసం ఈ జిల్లా రైతులు ఏళ్లు కొట్లాడారు. పసుపుకు ధర రావాలి, నిజమే. ఆ పసుపు తవ్విన చేతులకు కూలి రావాలి, అంతకంటే నిజం. ఆ చేతులకు ఒక ఆదివారం కూడా రావాలి. ఆ ఆదివారం గురించి మాట్లాడటానికి సిగ్గుపడే ఉద్యమం, పిల్లలు తన దగ్గరికి ఎందుకు రావడం లేదని అడిగే హక్కు పోగొట్టుకుంటుంది.

మీ హాస్టల్లో, మీ కాలేజీలో పోయిన ఏడాది టూరుకు ఎంతమంది వెళ్లారు, ఎంతమంది ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు? పేర్లు వద్దు, అంకెలు మాత్రం కామెంట్‌లో రాయండి. అవన్నీ కలిపి ఒక వినతిపత్రం తయారు చేద్దాం. 15(2)లో మనం దాటేసిన మాటను ఈసారి గట్టిగా చదువుదాం.

జై భీమ్.